నాలుగు చోట్ల చెవి

పొద్దు వాలినప్పటి నుంచీ జేర్దె
తన డొక్క వైపే తిరిగి తిరిగి చూసుకుంటోంది
అక్కడెవరో పిలుస్తున్నట్టు.
ముందరి కాలితో నేల గీరింది. పడుకోబోయి లేచింది.
నాన్న వెళ్లి బుర్మకాన్‌ని వెంటబెట్టుకొచ్చేసరికి
సోన్‌కోల్ సరస్సు మీద చీకటి గడ్డకట్టుకుపోయింది.

కొల్ఖోజ్ రోజుల నాటి పశువైద్యురాలు ఆమె.
సంచి తెరవలేదు. చేతులు చంకల్లో వెచ్చబెట్టుకుని
ఎడమ డొక్కకి చెవి ఆనించింది. పైన, తర్వాత కింద.
చుట్టూ తిరిగొచ్చి కుడి పైన. కుడి కింద.
నాలుగోచోట చాలాసేపు ఉండిపోయింది.
"ఏం వినిపిస్తోంది?" అన్నాను.
"ఏమీ వినిపించట్లేదు. అదే భయం."

దవడ కింద వేలు పెట్టి గడియారం చూసింది.
అరవై నాలుగు. ఉండాల్సింది ముప్పై ఆరు.
ముక్కులోంచి గొట్టం దించి నూనె పోసింది,
పగ్గం నా చేతికిచ్చింది: "నడిపించు."

నడిచాం. యుర్తా చుట్టూ, పాలు పిండే కొయ్యల చుట్టూ,
మంచు పట్టిన గడ్డి కరకరమంటుంటే.
నడుస్తూనే ఆమె చెప్పింది,
నాకో, గుర్రానికో, నిద్ర రాకుండా తనకో:

"చెడ్డది తింటే నువ్వు కక్కుతావు. ఇది కక్కలేదు.
గొంతు కింది తలుపు లోపలికే తెరుచుకుంటుంది.
మింగిందేదైనా ముందుకే పోవాలి, వంద అడుగుల దారి.
ఒకచోట పెద్దపేగు వెనక్కి మడతపడి సన్నబడుతుంది,
దొలోన్ కనుమలో లారీలు ఇరుక్కుంటాయే, ఆ మలుపు.
కడుపు చూస్తే ఇంతే, ఓ బకెట్టు.
కొసరి కొసరి రోజంతా మేయడానికి పుట్టిన జీవి.
అందుకే పైత్యం నిలవ చేసుకోదు,
చుక్క చుక్కగా కార్చేస్తూనే ఉంటుంది.
చేదు దాచుకునే తిత్తి దీనికి లేదు."

నాన్న నీళ్లకి వెళ్లాడు.
ఆమె గొంతు మారలేదు.
"కుడివైపు గుడ్డిపేగు, పీపా అంత.
మీ అమ్మ తోలుసంచిలో పాలు పులిసినట్టు
అందులో గడ్డి పులుస్తుంది.
పులియబెట్టే పురుగులు కంటికి కనపడవు, కానీ మొండివి.
గడ్డి అలవాటైన వాటి మీద ఉన్నట్టుండి బార్లీ కుమ్మరిస్తే..."

నా కోటు జేబులో ఇంకా నాలుగు గింజలున్నాయి.
"ఎల్లుండి పందెం" అన్నాను. "బలం వస్తుందని."
"ఎంత?"
"కుండెడు. రెండు."

తిట్టలేదామె. తిట్టినా బాగుండేది.
"పరుగు బార్లీలో ఉండదు రా.
ఎడమ పక్కటెముకల చాటున ప్లీహం ఉంది,
ఎర్రనెత్తురు దాచుకుని కూర్చుంటుంది పొదుపరిలా.
దౌడు తీయగానే ఉన్నదంతా పిండి ఇచ్చేస్తుంది.
దౌడులో అంగకొక ఊపిరి, ముక్కుతోనే, నోటితో కాదు.
కాలు మోపినప్పుడల్లా గిట్ట అడుగున మెత్తటి దిండు నొక్కుకుని
నెత్తురిని పైకి తోస్తుంది.
నువ్వు ఇప్పుడు నడిపిస్తున్నది కాళ్లని కాదు."

తర్వాత మాటల్లేవు.
ఎన్ని చుట్లు తిరిగామో. నా బూట్లలో వేళ్లు నావి కావు.
ఒకసారి జేర్దె మోకాళ్ల మీద కూలబోతే
నాన్న భుజం పెట్టి ఎత్తాడు, బూతులు తిడుతూ, ఏడుస్తూ.

తూర్పున కొండ అంచు నెరిసే వేళకి
ఆమె నా తల పట్టుకుని నాలుగోచోట ఆనించింది.
చెమటా, ఉన్నీ వాసన. వెచ్చదనం. ఇంకేం లేదు.
అప్పుడు ఎక్కడో లోతున
గులకరాళ్ల మీదుగా నీళ్లు దిగిన చప్పుడు.
ఆగింది. మళ్లీ.
పొడుగ్గా ఒక గుడగుడ.

కాసేపటికి తోకెత్తి లద్దె వేసింది.
పొగలు కక్కుతున్న ఆ నాలుగు ఉండల ముందు
నాన్న టోపీ తీసి నిలబడ్డాడు, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా.
బుర్మకాన్ నాడి చూసింది. నలభై నాలుగు.
టీ అడిగింది.

బార్లీ సంగతి నాన్నకి ఆమె చెప్పలేదు.
ఇన్నేళ్లయింది, నేనూ చెప్పలేదు.
చేదు దాచుకునే తిత్తి నాకుంది.

జేర్దె మాత్రం వెనక కాలి మోకాలి చిప్పని
ఎముక అంచుకి తగిలించుకుని
గొళ్లెం వేసిన తలుపులా
నిలబడే నిద్రపోయింది.